టాబ్లెట్‌తో హెడ్‌ఫోన్ సిస్టమ్: చెవి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

మంచి హెడ్‌ఫోన్ చేతికొచ్చాక దానికి పాట ఎందులోంచి పంపాలన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కంప్యూటర్ అయితే ఫ్యాను చప్పుడు, బల్ల ముందే కూర్చోవాల్సిన అవస్థ. ఫోన్ అయితే మధ్యలో కాల్స్, చిన్న తెర మీద వందల ఆల్బమ్‌లు వెతుక్కునే తిప్పలు. టాబ్లెట్‌కి ఈ ఇబ్బందులు దాదాపు లేవు. ఫ్యాను ఉండదు, తెర పెద్దది, బ్యాటరీ మీద గంటల తరబడి నడుస్తుంది. సరిగ్గా అమర్చుకుంటే యూఎస్‌బీ పోర్టులోంచి పాటను ఒక్క బిట్ కూడా మారకుండా బయటికి పంపుతుంది. మూలన పడి ఉన్న పాత టాబ్లెట్ అయినా ఈ ఒక్క పనికి కేటాయిస్తే చక్కగా పనికొస్తుంది.

చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ లాంటి పెద్ద అంకెలున్న ఫైళ్లు (సీడీది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్) పోగేస్తారు, తర్వాత ఖరీదైన కేబుల్ వెతుకుతారు, అన్నీ అయ్యాక హెడ్‌ఫోన్‌కి చాలినంత పవర్ అందడం లేదని గుర్తిస్తారు. చెవికి తెలిసే తేడాల్లో పెద్దవన్నీ చెవికి దగ్గర్లోనే ఉంటాయి. అందుకని ముందు హెడ్‌ఫోన్ సంగతి తేల్చుకుని, అక్కడి నుంచి ఆంప్ (హెడ్‌ఫోన్‌కి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్), డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీ), కేబుల్, టాబ్లెట్ సెట్టింగ్స్, యాప్ మీదుగా ఫైలు దాకా వెనక్కి రండి. ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో దారిలోనే తేలిపోతుంది.

1. హెడ్‌ఫోన్‌కి ఎంత కావాలో లెక్కేయండి

హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలు చూడండి. ఒకటి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఓంలలో. రెండోది సెన్సిటివిటీ, డెసిబెల్స్‌లో. ఓంలు ఒక్కటే చూసి "ఇది నడపడం కష్టం, అది తేలిక" అని తీర్పు చెప్పడం తప్పు. ఓంలు ఎక్కువున్న హెడ్‌ఫోన్ వోల్టేజి ఎక్కువ అడుగుతుంది. ఓంలూ సెన్సిటివిటీ రెండూ తక్కువున్న ప్లానార్ (పలచటి పొర అయస్కాంతాల మధ్య కదిలే రకం) హెడ్‌ఫోన్ కరెంటు ఎక్కువ లాగుతుంది. మోడల్ పేరు చూసి కూడా మోసపోకండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓంల రకాల్లో వచ్చింది. మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి.

లెక్క తేలికే. సెన్సిటివిటీ అంటే సాధారణంగా 1 మిల్లీవాట్ ఇచ్చినప్పుడు ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందనేది. అక్కడి నుంచి పైకి ప్రతి 10 డెసిబెల్స్‌కి పది రెట్ల పవర్ కావాలి, ప్రతి 3 డెసిబెల్స్‌కి రెట్టింపు. పాటలో ఒక్క క్షణం ఎగసి పడే శిఖరాలకి 110 డెసిబెల్స్ అందితే చాలనుకుందాం. సగటు శబ్దం దానికి చాలా కిందే ఉంటుంది.

300 ఓంలు, 97 డెసిబెల్స్ ఉన్న హెడ్‌ఫోన్ తీసుకోండి. 110కి చేరాలంటే ఇంకో 13 డెసిబెల్స్ కావాలి, అంటే 20 మిల్లీవాట్లు. దీన్ని వోల్టుల్లోకి మార్చాలంటే పవర్‌ని వాట్లలో రాసి ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. 0.02ను 300తో గుణిస్తే 6, దాని వర్గమూలం సుమారు 2.45 వోల్టులు. ఇప్పుడు 32 ఓంలు, 90 డెసిబెల్స్ ఉన్న ప్లానార్‌ని చూడండి. దీనికి 100 మిల్లీవాట్లు, సుమారు 1.8 వోల్టులు కావాలి. వోల్టులు తక్కువే కానీ కరెంటు దాదాపు 56 మిల్లీఆంపియర్లు, 300 ఓంల హెడ్‌ఫోన్ తీసుకునేదానికి ఆరు రెట్లకి పైనే. ఇక 16 ఓంలు, 110 డెసిబెల్స్ ఉన్న ఇయర్‌ఫోన్‌కి 1 మిల్లీవాట్ చాలు. వోల్టుల్లో చెప్పాలంటే 0.13 కూడా నిండదు.

కొందరు తయారీదారులు సెన్సిటివిటీని 1 మిల్లీవాట్‌కి కాకుండా 1 వోల్టుకి ఇస్తారు. 32 ఓంల హెడ్‌ఫోన్‌కి ఈ రెండు అంకెల మధ్య తేడా 15 డెసిబెల్స్ ఉంటుంది. ఏ లెక్కన రాశారో చూడకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చకండి.

2. బయటి డాక్ మీకు నిజంగా కావాలా?

టాబ్లెట్‌లో 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటే దాన్లోంచి మహా అయితే 1 వోల్టు దాకా వస్తుంది, చాలావాటిలో అంతకంటే తక్కువే. పైన చూసిన ఇయర్‌ఫోన్‌కి అది కావలసినదాని కంటే ఎక్కువ. జాక్‌లో బుసబుస వినిపించకపోతే అలాగే వినండి, ఏమీ కొనక్కర్లేదు. మిగతా రెండు హెడ్‌ఫోన్లకి మాత్రం బయటి సాయం తప్పదు.

ఆ సాయం రెండు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది డాంగిల్. వేలెడంత ఉంటుంది, యూఎస్‌బీ-సి పోర్టుకి తగిలిస్తారు, డాక్, ఆంప్ రెండూ అందులోనే ఉంటాయి. కాస్త మంచి డాంగిళ్లు మామూలు జాక్‌లో సుమారు 2 వోల్టులు, 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ (రెండు చెవులకీ నెగటివ్ తీగలు విడిగా ఉండే) జాక్‌లో సుమారు 4 వోల్టులు ఇస్తాయి. ఎక్కువమందికి ఇది సరిపోతుందని నా గట్టి నమ్మకం. రెండోది బల్ల మీద పెట్టుకునే డాక్, ఆంప్. పవర్ ఆకలి ఎక్కువున్న ప్లానార్లకీ, కూర్చున్న చోటే వినేవాళ్లకీ ఇది అనువు. పెద్ద వాల్యూమ్ నాబ్ చేతికి అందుబాటులో ఉండడం చిన్న సుఖమేమీ కాదు.

కొనేటప్పుడు ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ సొంత అడ్డు) ఎంతో చూడండి. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదు. 32 ఓంలకి 4, 16 ఓంలకి 2. ఒక్కో చెవిలో నాలుగైదు డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఉన్న ఇయర్‌ఫోన్లలో ఇంపెడెన్స్ ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైతే వాటి స్వరమే మారిపోతుంది. బాస్ పలచబడిందనో, పైస్వరాలు గుచ్చుతున్నాయనో ఇయర్‌ఫోన్‌ని నిందించే ముందు దీన్ని చూసుకోవాలి.

బ్యాలెన్స్‌డ్ జాక్ ఉన్నంత మాత్రాన శబ్దం మెరుగైపోదు. వోల్టేజి ఎక్కువ వస్తుంది, అంతే. ఒక్క సంగతి మాత్రం మరవద్దు. బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్‌కి అడాప్టర్ తగిలించి మామూలు 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ ఎప్పుడూ పెట్టకండి. రెండు ఛానెళ్ల నెగటివ్‌లు అక్కడ కలిసిపోయి ఆంప్ కాలిపోయే ప్రమాదం ఉంది.

3. తీగ కలపండి

టాబ్లెట్‌కీ డాక్‌కీ రెండింటికీ యూఎస్‌బీ-సి ఉంటే సి నుంచి సి కేబుల్ చాలు. డాక్ వెనక చదరంగా ఉండే పాత యూఎస్‌బీ-బి పోర్టు ఉంటే సి నుంచి బి కేబుల్ దొరుకుతుంది. మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఆండ్రాయిడ్ టాబ్లెట్లకి ఓటీజీ అడాప్టర్ (టాబ్లెట్‌కి యూఎస్‌బీ పరికరాలు తగిలించేది) కావాలి. లైట్నింగ్ పోర్టున్న ఐప్యాడ్‌కి ఆపిల్ అమ్మే లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ మేలు, పాట నడుస్తుండగానే ఛార్జింగ్ పెట్టుకునే పోర్టు దానికి ఉంటుంది. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ చూడడానికి అచ్చం డేటా కేబుల్‌లాగే ఉంటాయి. డాక్ కనబడకపోతే మొదట కేబుల్ మార్చి చూడండి.

కేబుల్ నాణ్యత గురించి చాలా ప్రచారం ఉంది. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటకి సెకనుకి 9.2 మెగాబిట్లు సరిపోతాయి. యూఎస్‌బీ 2.0 సామర్థ్యం 480 మెగాబిట్లు. గట్టిగా కూర్చునే మామూలు కేబుల్ కొని, మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి.

పట్టించుకోవాల్సింది కేబుల్ కొసని. టాబ్లెట్ కవర్ అంచు మందంగా ఉంటే ప్లగ్ చివరిదాకా లోపలికి దిగదు. పైకి కూర్చున్నట్టే ఉంటుంది, టాబ్లెట్‌ని కొంచెం కదిపితే చాలు, పాట తెగిపోతుంది. యాప్ లోపమనుకుని గంటలు వృథా చేసుకోకుండా ముందు కవర్ తీసి ప్రయత్నించండి. అలాగే డాంగిల్‌ని పోర్టుకి వేలాడదీయకండి. దాని బరువు, పైనుంచి హెడ్‌ఫోన్ తీగ గుంజుడు, రెండూ పోర్టు మీదే పడతాయి. జానెడు పొడవున్న మెత్తటి కేబుల్‌తో కలిపి డాంగిల్‌ని బల్ల మీదే ఉంచండి.

పోర్టులోంచే కరెంటు తీసుకునే డాక్‌లకి కొన్ని టాబ్లెట్లు చాలినంత ఇవ్వలేవు. లైట్నింగ్ ఐప్యాడ్లు అయితే ఈ పరికరానికి పవర్ ఎక్కువ కావాలంటూ తెర మీదే చెప్పేస్తాయి. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే ఇబ్బంది తీరుతుంది.

4. మొదటి పాట పెట్టే ముందు వాల్యూమ్

దీన్ని వేరే అడుగుగా రాయడానికి కారణం ఉంది. తర్వాత చెప్పబోయే బిట్ పర్ఫెక్ట్ (ఒక్క బిట్ మారకుండా పంపే) పద్ధతిలో టాబ్లెట్ వాల్యూమ్ బటన్లు పనిచేయకపోవచ్చు. డాక్‌కి సొంత వాల్యూమ్ లేకపోతే పాట పూర్తి స్థాయిలో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. సున్నితమైన ఇయర్‌ఫోన్ చెవిలో ఉండగా అలా జరిగితే చెవికి నిజంగా దెబ్బే. కాబట్టి కొత్త యాప్, కొత్త డాక్, కొత్త సెట్టింగ్ ఏది మార్చినా మొదటి పాటని హెడ్‌ఫోన్ మెడలో ఉంచుకునే మొదలుపెట్టండి.

బల్ల మీది ఆంప్ ఉంటే నాబ్ పూర్తిగా తగ్గించి, గెయిన్ (ఆంప్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే మీట) తక్కువలో పెట్టి, టాబ్లెట్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఆ తర్వాత నాబ్ మెల్లగా తిప్పుతూ రండి. తక్కువ గెయిన్‌లో నాబ్ మూడొంతులు తిరిగినా శబ్దం చాలకపోతేనే ఎక్కువ గెయిన్‌కి వెళ్లాలి. డాంగిల్‌తో వినేటప్పుడు టాబ్లెట్‌లోనే వాల్యూమ్ తగ్గించడానికి భయపడక్కర్లేదు. 16 బిట్ పాట 24 బిట్ దారిలో వెళుతుంటే కింద 48 డెసిబెల్స్ ఖాళీ ఉంటుంది. ఆ మేరకు తగ్గించినా పాటలోని వివరమేదీ పోదు.

ఎంత శబ్దం క్షేమం అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి సూచించే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పిల్లలకి 75. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే క్షేమంగా వినగల సమయం సగమవుతుంది.

5. టాబ్లెట్ లోపలి దారి శుభ్రం చేయండి

ఆండ్రాయిడ్‌లో అన్ని యాప్‌ల శబ్దాలూ ఒకే మిక్సర్‌లో కలిసి బయటికొస్తాయి. ఆ మిక్సర్ ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. సీడీ పాట 44.1 కిలోహెర్ట్జ్ కాబట్టి దారిలో దాన్ని మార్చి పంపుతుంది. ఈ మార్పు ఒక్కటే అయితే చాలామంది చెవులు పసిగట్టలేవు, దాని కోసం నిద్ర పాడుచేసుకోవద్దు. అంతకంటే పెద్ద నేరస్తులు వేరే ఉన్నాయి. టాబ్లెట్ కొన్నప్పుడే ఆన్‌లో ఉండే డాల్బీ అట్మాస్, సౌండ్ ఎన్‌హాన్సర్ లాంటివి గొంతుని ముందుకి తోసి, వాద్యాల మధ్య ఎడాన్ని చెరిపేస్తాయి. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అవన్నీ ఆపేయండి. నోటిఫికేషన్ శబ్దాలు ఆపండి. పాటల యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు ఇవ్వండి, లేకపోతే తెర ఆరాక సిస్టమ్ దాన్ని మూసేస్తుంది.

మిక్సర్‌ని పూర్తిగా తప్పించాలంటే సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉన్న యాప్ కావాలి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో, న్యూట్రాన్ ఆ కోవలోవి. డాక్ తగిలించగానే దాన్ని వాడుకోవడానికి అనుమతి అడుగుతాయి, ఇవ్వండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో బిట్ పర్ఫెక్ట్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ 14తో సిస్టమ్‌లోనే ఇలాంటి దారి వచ్చింది కానీ టాబ్లెట్ తయారీదారూ, యాపూ రెండూ దాన్ని అందిపుచ్చుకుంటేనే ఫలితం. ఆపిల్ చిన్న డాంగిల్‌ని ఆండ్రాయిడ్‌కి తగిలిస్తే చాలాచోట్ల శబ్దం బాగా తక్కువగా వస్తుంది. దానికీ ఈ యాప్‌లే మందు.

ఐప్యాడ్‌లో ఈ గొడవ తక్కువ. డాక్ తగిలించగానే గుర్తుపడుతుంది, పాటల యాప్ అడిగిన శాంపిల్ రేటుకి (44.1, 96 లాంటి కిలోహెర్ట్జ్ అంకె) మారుతుంది. ఆపిల్ మ్యూజిక్‌లో ఆడియో క్వాలిటీ దగ్గర లాస్‌లెస్ (నష్టం లేని కుదింపు) ఆన్ చేయడం మాత్రం మీ పని. 48 కిలోహెర్ట్జ్ దాటిన పాటలు ఆ రేటులోనే వినాలంటే బయటి డాక్ ఉండాలి.

దారి శుభ్రంగా ఉందో లేదో చూడడానికి డాక్ మీది దీపమే సాక్షి. చాలా డాక్‌లు శాంపిల్ రేటుని బట్టి దీపం రంగు మారుస్తాయి, కొన్ని అంకెలే చూపిస్తాయి. 44.1 పాట ఒకటి, 96 పాట ఒకటి వెంటవెంటనే పెట్టండి. దీపం మారితే పాట తన సొంత శాంపిల్ రేటులోనే వెళుతోంది. రెండింటికీ ఒకే రంగు ఉంటే మధ్యలో ఎవరో మారుస్తున్నారు.

6. ఫైళ్లు, నిల్వ

ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైళ్లు వాడండి. సీడీ పాట కుదించకుండా ఉంటే గంటకి 635 మెగాబైట్లు. ఎఫ్‌ఎల్‌ఏసీలో అది సుమారు 400 మెగాబైట్లకి దిగుతుంది, ఒక్క బిట్ పోదు. 256 గిగాబైట్ల కార్డులో 600 గంటలకి పైగా సంగీతం పడుతుంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అయితే గంటకి 1 గిగాబైట్ దాటుతుంది. మంచి రికార్డింగ్ సీడీ స్థాయిలో ఉన్నా మంచిదే, చెడ్డ రికార్డింగ్‌ని 192 కిలోహెర్ట్జ్ బాగుచేయలేదు. అంకెల కంటే ఏ మాస్టర్ (స్టూడియోలో తయారైన తుది ప్రతి) నుంచి తీశారన్నది ముఖ్యం.

ఐప్యాడ్‌లో ఆపిల్ వారి యాప్ ఎఫ్‌ఎల్‌ఏసీని తన లైబ్రరీలోకి తీసుకోదు. ఫూబార్2000 గానీ వీఎల్‌సీ గానీ పెట్టుకోండి, లేదా ఫైళ్లని ఆపిల్ వారి ఏఎల్‌ఏసీలోకి మార్చుకోండి. రెండూ నష్టం లేనివే. ఇంట్లో నెట్‌వర్క్ డ్రైవ్ ఉంటే ఫైళ్లు కాపీ చేయక్కర్లేకుండా అక్కడి నుంచే వినొచ్చు.

పాటల మధ్య ఖాళీ రాకుండా యాప్‌లో గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. కచేరీ రికార్డింగ్‌లో ఒక ట్రాక్ చప్పట్లతో ముగిసి తర్వాతిది అవే చప్పట్లతో మొదలయ్యే చోట అర సెకను నిశ్శబ్దం పడితే ఆ సభ అనుభూతి అక్కడే తెగిపోతుంది. ఎంపీ3 ఫైళ్లలో కుదింపు వల్లే మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ చేరుతుంది. ఎఫ్‌ఎల్‌ఏసీకి ఆ జబ్బు లేదు.

7. స్వరం సరిచేసుకోవడం

డాక్ మారిస్తే వచ్చే తేడా కంటే ఈక్వలైజర్‌తో (బాస్, పైస్వరాలు పెంచి తగ్గించే సాధనం) వచ్చే తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్ని అంటరానిదిగా చూసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో వేల హెడ్‌ఫోన్లకి కొలతల ఆధారంగా తయారుచేసిన సవరణలు ఉన్నాయి. మీ మోడల్‌ది తీసుకుని పారామెట్రిక్ (ఏ ఫ్రీక్వెన్సీనైనా ఎంచుకుని సవరించే) ఈక్వలైజర్ ఉన్న యాప్‌లో ఎక్కించండి. ఒకటే నియమం. ఎక్కడైనా 5 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్‌ని (ఈక్వలైజర్‌లోని మొత్తం స్థాయిని) 5 డెసిబెల్స్ తగ్గించాలి. లేకపోతే మృదంగం దెబ్బ పడిన ప్రతిసారీ శిఖరం తెగి చిటపటమంటుంది. ఈక్వలైజర్ వేశాక బిట్ పర్ఫెక్ట్ అనేది ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ముందూ వెనకా పోల్చేటప్పుడు రెండింటి శబ్ద స్థాయి సమానంగా ఉండాలి. అర డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది.

8. తీగ లేకుండా అయితే

బ్లూటూత్‌లో ఎల్‌డీఏసీ అనే కుదింపు పద్ధతి గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లు మోస్తుంది. సీడీకి కావలసింది 1,411. అయినా వినడానికి హాయిగానే ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి చాలా టాబ్లెట్లలో ఉంది. ఐప్యాడ్‌లో ఎల్‌డీఏసీ లేదు, ఏఏసీతో సరిపెట్టుకోవాలి. నిలబడి పనులు చేసుకుంటూ వినడానికి బ్లూటూత్, కూర్చుని వినడానికి తీగ.

9. చప్పుడు వస్తే

పాట ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, వేలితో తెర మీద ఆల్బమ్‌ల జాబితాని పైకీ కిందకీ జరపండి. సన్నటి కూత వేలితోపాటు మారుతుంటే అది టాబ్లెట్ ప్రాసెసర్ నుంచి యూఎస్‌బీ పవర్ ద్వారా వస్తున్న చప్పుడు. సొంత పవర్ ఉన్న హబ్ గానీ, బ్యాటరీ ఉన్న డాక్ గానీ దాన్ని ఆపుతుంది. వేలితో సంబంధం లేకుండా లోతైన హమ్మింగ్ ఉంటే ఛార్జర్ పీకేయండి. అది ఆగిపోతే గ్రౌండ్ లూప్ (ఛార్జర్ గ్రౌండ్ తీగ ద్వారా చేరే చప్పుడు) అన్నమాట. వినేటప్పుడు బ్యాటరీ మీద వినడమే అన్నిటికంటే తేలికైన పరిష్కారం. నిలకడగా బుసబుస మాత్రమే ఉంటే అది ఆంప్ సొంతం, గెయిన్ తగ్గించండి. అప్పటికీ పోకపోతే ఆ ఆంప్ మీ ఇయర్‌ఫోన్‌కి మరీ ఎక్కువ.

టాబ్లెట్‌ని ఈ పనికే ఉంచేస్తే దాన్ని రోజంతా ఛార్జర్‌కి వదిలేయకండి, బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి. లేకపోతే విన్నాక ఒక గంట ఛార్జింగ్ పెట్టి తీసేయండి. వెనక అట్ట కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే వాడకం ఆపి బ్యాటరీ మార్పించండి.